ఖాలా ఓడిపోయిన శుక్రవారం

రెండు నెలల కింద ఒక మంగళవారం పొద్దున, పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఫోన్ మోగింది. ఆదిలాబాద్‌లో మా వీధి చివర ఆటవస్తువుల దుకాణం నడిపే ఖాలా తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని, ఆ దుకాణం పక్కన మిషన్ పెట్టుకున్న దర్జీ చెప్పాడు. ఆమె మాకు చుట్టం కాదు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, పెద్దమ్మ. మా వీధిలో ఉర్దూ మాట్లాడేవాళ్లూ, తెలుగువాళ్లూ, మరాఠీవాళ్లూ అందరూ ఆమెను అట్లానే పిలిచేవాళ్లు.

పిల్లలకు చెప్పాను. పెద్దది శ్రావణి గోడకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయింది. మధ్యవాడు వినయ్ చెప్పులేసుకుని ఖాలా ఇంటివైపు నడిచాడు. చిన్నది మిన్ను మాత్రం నా కొంగు పట్టుకుని అడిగింది.

"మరి ఇప్పుడు పులి ఎవరు?"

ఆ ప్రశ్న మీకు అర్థం కావాలంటే నాలుగేళ్లు వెనక్కి పోవాలి.

నాది తపాలా ఆఫీసులో ఉద్యోగం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు బదిలీ అయినప్పుడు మా ఆయన తన ఉద్యోగం కోసం అక్కడే ఉండిపోయారు. ముగ్గురు పిల్లలతో నేనొక్కదాన్నే వచ్చాను. అప్పటికి శ్రావణికి పద్నాలుగేళ్లు, వినయ్‌కి పది, మిన్నుకి ఆరు. స్నేహితులందరినీ వదిలి వచ్చిందని శ్రావణికి నా మీద కోపం. బడి నుంచి వస్తూనే ఫోన్ పట్టుకుని మూలకు చేరేది. కింది ఇద్దరూ పొద్దస్తమానం కొట్టుకునేవాళ్లు. దసరా సెలవులకు కరీంనగర్ పోతే మళ్లీ రానని, అమ్మమ్మ దగ్గర ఉండి పదో తరగతి చదువుకుంటానని శ్రావణి తేల్చి చెప్పింది. పాత బడిలో అడిగి చూస్తానని వాళ్ల నాన్న కూడా ఒప్పుకున్నారు. నా బిడ్డ నా చేతుల్లోంచి జారిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏం చెయ్యాలో తెలియలేదు.

ముగ్గురికీ కలిపి ఏదైనా ఆట కొనిస్తే ఒకచోట కూర్చుంటారేమోనన్న ఆశతో ఒక సాయంత్రం ఖాలా దుకాణానికి వెళ్లాను. తెల్లటి దుపట్టా నెత్తిమీద కప్పుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, ఏదో డబ్బాలో పిక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటోంది. వైకుంఠపాళి ఒకటి, చెస్ ఒకటి ఇవ్వమన్నాను. ఆమె లేవలేదు. ఎంతమంది పిల్లలు, ఎవరికెన్నేళ్లు అని అడిగింది. చెప్పాను. ఎవరు తొందరగా ఏడుస్తారు, ఎవరు తొండి చేస్తారు, ఎవరు మధ్యలో లేచిపోతారు అని కూడా అడిగింది. నాకు కొంచెం చికాకేసింది. అయినా చెప్పాను.

"ఇవి నేనియ్య బేటీ," అంది. "పాములాట మీ పెద్దపిల్లకు నిద్ర తెప్పిస్తది. చెస్ చిన్నదానికి ఏడుపు తెప్పిస్తది. నాలుగో దినం రెండు అటక మీదుంటయి."

ఇన్నేళ్లలో ఎన్నో దుకాణాలు చూశాను గానీ, అడిగిన వస్తువు ఇవ్వనన్న మనిషిని చూడటం అదే మొదలు. ఆమె లోపలికి వెళ్లి ఒక చెక్కపలక తెచ్చింది. దాని మీద పులి-మేక గీతలు గీసి ఉన్నాయి. నిర్మల్‌లో పొణికి కర్రతో చేయించిన పిక్కలు, రంగులేసినవి. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీదుగా దూకితే ఆ మేక చచ్చినట్టు. ఐదు మేకలు పోతే పులి గెలుపు. మూడు పులులనూ కదలకుండా మేకలు చుట్టుముడితే మేకల గెలుపు. పెద్దదాన్ని ఒకవైపు, చిన్నవాళ్లిద్దరినీ కలిపి ఒకవైపు కూర్చోబెట్టమని చెప్పి పంపింది.

ఎంత సంబరంగా ఇంటికి తెచ్చానో, అంత ఘోరంగా విఫలమైంది. శ్రావణి ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ, రెండో చేత్తో పులిని దూకిస్తూ, పది నిమిషాల్లో ఐదు మేకలనూ తినేసింది. "అయిపోయిందా, పోవచ్చా?" అంది. మిన్ను మేకను విసిరికొడితే కొమ్ము విరిగింది. వినయ్ అక్క తొండి చేసిందని అరిచాడు.

మర్నాడు పలక చంకలో పెట్టుకుని, నాలుగు మాటలు అడిగేద్దామనే వెళ్లాను. ఖాలా విరిగిన కొమ్మును బంకతో అతికిస్తూ అంతా విన్నది. శ్రావణి ఆడుతున్నప్పుడు మొహం ఎట్లా పెట్టింది అని మాత్రం అడిగింది. అంట్లు తోమేటప్పుడు పెట్టే మొహం అన్నాను. ఆమె తల ఊపింది.

"అది ఆడలే. డ్యూటీ చేసింది," అంది. "శుక్రారం నా దుకాణం బంద్. నేనొస్త."

శుక్రవారం సాయంత్రం నిజంగానే వచ్చింది. చాప పరిపించుకుని, మోకాళ్ల నొప్పి కదా అని గోడకు దిండు పెట్టించుకుని కూర్చుంది. పులులు తనవి, ముగ్గురూ కలిసి మేకలు పెట్టుకోమంది. శ్రావణి మర్యాద కోసం కూర్చుంది. పెద్దామె కదా, ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనుకుంది పాపం.

ఖాలా వాళ్లను నమిలేసింది. ఆ మాట తప్ప ఇంకోటి దొరకడం లేదు. మూడు ఆటలాడితే మూడూ ఆమెవే. మేకను తిన్న ప్రతిసారీ దాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుని, "పాపం, మంచి మేక," అనేది. మిన్ను కళ్లనిండా నీళ్లు. అయినా కనికరించలేదు. రెండో ఆటలో శ్రావణి ఫోన్ చాప మీద బోర్లా పడింది. మూడో ఆటకు దాని చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడొద్దు, అక్కడొద్దు," అని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ ఊళ్లోకి వచ్చాక అది వాడిని కొట్టడానికి కాకుండా ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

గేటు దాకా సాగనంపుతూ, చిన్నపిల్లలు కదా, ఒక్క ఆటైనా వదిలెయ్యాల్సింది అన్నాను. ఖాలా గేటు పట్టుకుని ఆగింది.

"మేం ఐదుగురం. నేను పెద్దదాన్ని," అంది. "ఎప్పుడు పచ్చీసు గుడ్డ పరిచి గవ్వలేసినా మా అమ్మీ నా చెవుల చెప్పేది, నువ్వు పెద్దదానివి, ఓడిపో, లేకుంటే చిన్నోడు ఏడుస్తడని. ఓడిపోయిన. పెండ్లయ్యేదాక ఓడిపోయిన. ఒక్కనాడన్న నిజంగ ఆడలే బేటీ. మీ పెద్దపిల్ల మొహం మీద గదే కనబడ్డది నాకు."

నేను కూడా శ్రావణికి ఎన్నిసార్లు ఆ మాట చెప్పానో గుర్తొచ్చింది. నువ్వు పెద్దదానివి, వదిలెయ్. నువ్వు పెద్దదానివి, వాళ్లకియ్యి.

ఆ వారం మా వంటింట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. శ్రావణి గచ్చు మీద సుద్దముక్కతో పులి-మేక గీసింది. చొక్కా గుండీలు పులులు, చింతగింజలు మేకలు. నేను పప్పు తాలింపు వేస్తుంటే వెనకాల గుసగుసలు. మేకలను మధ్యలో పెట్టొద్దు, అంచుల వెంట పెట్టుకుంటూ రావాలి అని వినయ్. ఒక మేక వెనక ఇంకో మేక ఉంటే పులి దూకలేదు అని శ్రావణి. మిన్నుకు లెక్కలు అందవు గానీ, పులి ఎటు దూకగలదో వేలు పెట్టి చూపించడం దానికే అందరికంటే ముందు వచ్చింది. రెండో శుక్రవారం మళ్లీ ఓడిపోయారు. మూడో శుక్రవారం రెండు పులులను బంధించారు. మూడోది చిక్కుతుందా లేదా అని నేను కూడా గరిటె పట్టుకుని నిలబడ్డాను. అది సందు చూసుకుని దూకి మొత్తం చెడగొట్టింది. శ్రావణి ఆ రాత్రి అన్నం తింటూ కూడా పళ్లెంలో వేలితో గీతలు గీసింది.

నాలుగో శుక్రవారం వచ్చేసరికి దసరా సెలవులకు ఒక్కరోజే ఉంది. శ్రావణి బట్టలన్నీ, పుస్తకాలతో సహా, సర్దిపెట్టుకుంది. ఆటకు మాత్రం అందరికంటే ముందు కూర్చుంది.

ఆ ఆట గంటకు పైగా నడిచింది. పదిహేను మేకలూ పలక మీదికి వచ్చేసరికి నాలుగు చచ్చాయి. ఇంకొక్కటి పోతే అయిపోయినట్టే. వినయ్ గోళ్లు కొరుకుతున్నాడు. ఒక పులి చిక్కింది. కాసేపటికి రెండోదీ చిక్కింది. మూడోది పలక అంచున తిరుగుతోంది. శ్రావణి ఒక మేకను జరపబోయింది. మిన్ను అక్క మణికట్టు పట్టుకుంది.

"అది కాదక్కా. గీ మేకను జరుపు. గిప్పుడు ఖాలా ఎటు పోదు."

శ్రావణి చూసింది. వినయ్ చూశాడు. మిన్ను చూపించిన మేకను ఒక్క గీత పక్కకు జరిపారు. ఖాలా కళ్లద్దాలు పైకి జరుపుకుని, మొదటి పులి మీద వేలు పెట్టి అన్ని వైపులా చూసింది. రెండో పులిని చూసింది. మూడోదాన్ని రెండుసార్లు చూసింది. తర్వాత దుపట్టా జారిపోయేలా నవ్వింది.

"ఓడిపోయిన," అంది. "నిజంగ ఓడిపోయిన."

మా ముగ్గురూ చేసిన గోలకు ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. శ్రావణి మిన్నును ఎత్తుకుని గిరగిరా తిప్పింది. వినయ్ చాప మీద పల్టీలు కొట్టాడు. ఖాలా అందరికంటే ఎక్కువ సంబరపడింది. చప్పట్లు కొడుతూనే, వచ్చే శుక్రవారం దీనికి బదులు తీర్చుకుంటానని చెప్పి పోయింది.

శ్రావణి సెలవులకు పోయింది. నేను ఆపలేదు. ఐదో రోజు వాళ్ల నాన్న ఫోన్ చేసి, పాత బడిలో సీటు ఇస్తామన్నారు గానీ ఈ పిల్ల వాపసు వస్తానంటోంది, ఎవరో పులితో పని ఉందట, ఏమిటిదంతా అని అడిగారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. శ్రావణి పదో తరగతి ఆదిలాబాద్‌లోనే చదివింది.

ఆ తర్వాత నేను ఆఫీసు నుంచి వస్తూ ఖాలా దుకాణం ముందు స్టూలు మీద కాసేపు కూర్చోవడం అలవాటైంది. ఆమె ఆటలు ఎట్లా ఎంచేదో చూడటం ఒక వినోదం. డబ్బా మీద అచ్చువేసిన వయసును ఆమె నమ్మేది కాదు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ఎంతసేపు కుదురుగా కూర్చోగలరో అడిగి, అంతకంటే పొడుగు ఆట ఇచ్చేది కాదు. ఒకరు ఓడిపోయి పక్కన కూర్చుని మిగతావాళ్లను చూస్తుండాల్సిన ఆటలంటే ఆమెకు గిట్టేది కాదు. పచ్చీసు కొంటే అందరికంటే పెద్దవాణ్ణీ అందరికంటే చిన్నవాణ్ణీ ఒక జట్టు చెయ్యమనేది. క్యారమ్స్‌లో చిన్నచేతులవాళ్లు స్ట్రైకర్‌ను గీత దాటి ముందుకు జరుపుకోవచ్చు, అది తొండి కాదు అని పెద్దవాళ్లతో ముందే ఒప్పించి పంపేది. ఒకసారి పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా ఒకాయన అందరికంటే పెద్ద డబ్బా ఏదుంటే అది ఇవ్వమన్నాడు. ఆయన పిల్లలకు పన్నెండూ ఐదూ అని విని, ఖాలా మరాఠీలో ఏదో చెప్పి చిన్న డబ్బా చేతిలో పెట్టింది. ఆయన గొణుక్కుంటూ పోయాడు. వారానికి తన తమ్ముడి పిల్లలను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

ఎవరైనా తల్లి వచ్చి, చిన్నోడు ఏడుస్తున్నాడు, గెలిపించనా అని అడిగితే మాత్రం ఖాలాకు కోపం వచ్చేది. "గెలిపియ్యకు. వానికి తెలుస్తది," అనేది. "గెలిచే తొవ్వ ఉన్న ఆట దెచ్చియ్యి, సాలు."

నాలుగేళ్లలో ఎన్నో శుక్రవారాలు పోయాయి. ఆమె ఎక్కువసార్లు గెలిచింది, మావాళ్లు తక్కువసార్లు. శ్రావణి డిగ్రీలో చేరింది, ఇప్పటికీ సెలవొస్తే తమ్ముడికీ చెల్లెలికీ చాప పరిచేది అదే.

ఖాలా పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకు మమ్మల్ని కూడా పిలిచారు. ప్రార్థనలు, భోజనాలు అయ్యాక, దుకాణం తెరిచి ఏమేమున్నాయో చూద్దామని ఖాలా తోబుట్టువులు నలుగురూ వెళ్తుంటే మేమూ వెంట వెళ్లాం. ఇద్దరు చెల్లెళ్లు కరీంనగర్ నుంచి వచ్చారు. పెద్దతమ్ముడు కాగజ్‌నగర్ నుంచి, చిన్నతమ్ముడు నిర్మల్ నుంచి. అందరివీ నెరిసిన తలలే. ఖాలాను ఆపా, అంటే అక్క, అని పిలిచే చిన్నతమ్ముడు ఒక అరలోంచి పచ్చీసు గుడ్డ తీసి, దాన్ని దులుపుతూ మా పిల్లలతో గర్వంగా అన్నాడు.

"మా ఆపా ఒక్కసారి గూడ నన్ను గెలువలే తెలుసా?"

గేటు దగ్గర ఖాలా అన్న మాట నా నోటివెంట ఎప్పుడో విన్న శ్రావణి నావైపు చూసింది. నేను కళ్లు దించుకున్నాను. అది మెల్లగా, "మమ్మల్ని మాత్రం మూడు వారాలు ఓడించింది మామూ. మిన్ను ఏడ్చినా గెలువనియ్యలే," అంది.

ఆయన గుడ్డ దులపడం ఆపాడు. అక్కలవైపు చూశాడు. వాళ్లిద్దరిలో పెద్దామె తల పక్కకు తిప్పుకుంది, ఆమెకు ఎప్పటినుంచో తెలుసనిపించింది. ఆయన చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేనే పరేషాన్ అవుతుంటి, ఇంత తెలివిగల మనిషి ఆటల గిట్లెందుకని," అన్నాడు. తర్వాత దుకాణం మధ్యలో నేల మీద గుడ్డ పరిచాడు. "కూసోండ్రి అందరు. ఇయ్యాల ఒక్కలు గూడ వదలద్దు."

నలుగురూ కూర్చున్నారు. మోకాళ్లు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు ఆసరా చేసుకుని. మొదట ఊరికే వేశారు గవ్వలు. ఐదు నిమిషాలకు గొంతులు లేచాయి. చెల్లెళ్లలో ఒకామె తన పిక్కను రెండిళ్లు ఎక్కువ జరిపిందని పెద్దతమ్ముడు దబాయించాడు. ఆమె దేవుడి మీద ఒట్టు వేసింది. దర్జీ మిషన్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిన్ను వాళ్ల మధ్యకు దూరి లెక్కలు చెబుతోంది. చివరికి చిన్నతమ్ముడి వంతు వచ్చింది. పచ్చీసు, అంటే ఇరవై ఐదు, పడితే ఆయనదే ఆట. ఆరు గవ్వలనూ గుప్పిట్లో మూసి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని గలగలలాడిస్తున్నాడు. మేమందరం ఆ గుప్పిటి మీదికి వంగాం. ఆయన ఇంకా తెరవలేదు.