‘ఆశ్చి’ అని వెళ్ళిన సారు

లా ఫర్మ్‌లో మార్కెటింగ్ ఉద్యోగానికని కలకత్తా వచ్చి నెలైంది. రోజూ ఐదున్నరకి మా సీనియర్ లాయరుగారు నా వైపు చూసి "ఆశ్చి" అని బయటికెళతారు. బెంగాలీలో "వస్తున్నాను" అని కదా అర్థం. తిరిగొచ్చి పనేదో చెబుతారని ఎనిమిది దాకా కూర్చునేదాన్ని.

ఈ రోజు టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కొచ్చిన మా టైపిస్టు, హౌరా పక్కన లిలువాలో ఉండే మన తెలుగాయన అప్పారావుగారు, నన్ను చూసి ఆగారు.

"ఏటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావు?"

"సారు వస్తానన్నారండీ."

"ఆయన ఇంటికెల్లిపోనారమ్మా. మనం ఎల్లొస్తాననమా? అదీ అంతే."

ప్రాణం లేచొచ్చింది. ఖాళీ కుర్చీకి "ఆశ్చి" చెప్పి, ఆరున్నర బస్సెక్కాను.

ఇలాగే ఎవరి కోసమో ఆఫీసులో కూర్చున్నవాళ్ళుంటే కామెంట్లో చెప్పండి. ముందు ఇంటికెళ్ళండి, తర్వాత చెబుదురుగాని.