ముడుచుకోవడం మరిచిన ముళ్ల ఎలుక

కుక్కల నోట్లోంచి తప్పించి నెల రోజులు సాకిన ముళ్ల ఎలుకను వదిలేద్దామని ఈ రోజు బాపట్ల దగ్గర ఇసుక తోటల్లోకి వెళ్లాను. ఇంతకు ముందు ఒకదాన్ని వదిలిందీ అక్కడే. మేకలు కాసుకునే మామ్మ నా బుట్టలోకి తొంగి చూసింది.

"అమ్మాయ్, నువ్వు ముందు వదిలినదానికి మనుషులంటే భయమే లేదే! అలికిడైతే బంతిలా ముడుచుకోకుండా ఎదురొచ్చేది. పిల్లల దగ్గుకి మందని ఒకాయన పట్టుకుపోయాడు."

"ఎవరు మామ్మా?"

"ఏమో. ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడొస్తుందని నీ గురించి రోజూ అడుగుతున్నాడు."

గబుక్కున బుట్ట మూత వేసేశాను. బుట్టతోనే తెనాలి బస్సెక్కేశాను. ఇంటికొచ్చి మూత తీస్తే, ఇది కూడా ముడుచుకోలేదు. నా వేలు వాసన చూసింది. చేత్తో తినిపించి అలవాటు చేసింది నేనే. ఇక నన్ను చూస్తే భయపడటం నేర్పాలి. ఎలాగో మీలో ఎవరికైనా తెలుసాండీ?