మెట్ల కింద తెగిన కేబుల్

వాషర్‌మెన్‌పేట్‌లో మేము మేడమీద ఉండేవాళ్ళం, చిన్నాన్న వాళ్ళు కింద. తొంభైల చివర్లో రెండిళ్ళ కంప్యూటర్లలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, మెట్ల పక్కగా కేబుల్ లాగి కలిపింది నేనే. ఒకరోజు కింది కంప్యూటర్ మా కంప్యూటర్‌కి పలకలేదు. నెట్‌వర్క్ కార్డు మార్చాను, సెట్టింగులన్నీ మళ్ళీ సరిచూశాను. తప్పు నాదే అనుకున్నాను. చివరికి కేబుల్ వెంటే దిగి చూస్తే, మెట్ల కింద తెగి ఉంది. ఎలుక కొరికింది కాదు, కత్తెరతో కోసింది.

పిన్ని గుమ్మంలోనే నిలబడి చెప్పింది: "మేమేరా కోసినాం. మీ నాయనకి మాతో మాటే వద్దంట. ఇంక మీ వైరు మాత్రం ఈడెందుకు?"

అన్నదమ్ములు విడిపోయారని నాకు అలా తెలిసింది. ఆ వారమే వాళ్ళు బయటి మనిషిని పిలిపించి, నేను వేసిన లినక్స్ తీయించేశారు. అతను వస్తూ, వాళ్ళ గుమ్మానికి అడ్డంగా కింది మెట్టు మీద కూర్చున్న నన్ను పక్కకు జరగమన్నాడు.