చిట్టి ఎడమ కన్ను

1998 వానాకాలం. గుడివాడలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆటోల దెబ్బకి ఊళ్ళో జట్కాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో యాకోబుది ఒకటి. దాన్ని లాగే ఆడగుర్రం పేరు చిట్టి.

ఒకరోజు చిట్టి కుడి కన్ను మూసుకుపోయి, నీళ్ళు కారుతుంటే తీసుకొచ్చాడు. బండిలో చెర్నాకోల కర్ర చివర బాగా అరిగిపోయి కనిపించింది. నాకసలే నోటిదురుసు.

"మూగజీవాన్ని కంటిమీద కొడతావటయ్యా?" అని కసిరాను.

"కొట్టలేదండీ," అన్నాడు. నేను వినిపించుకోలేదు. గాయాలకి వాడే ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపేశాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. కుడి కన్ను తెల్లబడిపోయింది. ఇప్పుడు ఎడమ కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది.

"ఇది కూడా పోతే చిట్టి బండి లాగలేదండి. మేమెలా బతకాలండీ?"

మొదటిరోజే చేయాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. ఫ్లోరెసిన్ అనే రంగుమందు కంట్లో వేస్తే, గాయం ఉన్నచోట ఆకుపచ్చగా అంటుకుంటుంది. ఎక్కడా అంటలేదు. జబ్బు కంటి లోపల ఉంది. దాన్ని యువైటిస్ అంటాం, లోపలి పొర వాపు.

"మరి ఆ కర్ర ఎందుకలా అరిగింది?"

"బండి నడుస్తుంటే చక్రం ఆకులకి, అదే పుల్లలకి, ఆనిస్తామండి. టకటకమంటే జనం తప్పుకుంటారు. అదే మా హారను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక అడగడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో చిట్టికి జ్వరమొచ్చి రెండు రోజులు మేత ముట్టలేదట. తాగేది రైసుమిల్లు వెనక గుంటలో నీళ్ళట. మిల్లు దగ్గర ఎలుకలకి లోటేముంది? వాటి మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చి, జ్వరం తగ్గిన కొన్ని నెలలకి గుర్రాల కళ్ళని పట్టే లెప్టోస్పైరోసిస్ అయ్యుంటుందని అనుమానించి రక్తం ల్యాబ్‌కి పంపాను. అదేనని తేలింది. మనుషులకీ వస్తుంది, జ్వరమొస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని యాకోబుకి చెప్పాను.

రిపోర్టు కోసం ఆగకుండా కంటిపాపని విప్పి ఉంచే అట్రోపిన్, వాపు తగ్గించే చుక్కలు మొదలుపెట్టాను. వెలుతురు తగలకూడదంటే, యాకోబు పెడన నుంచి కలంకారీ గుడ్డముక్క తెచ్చి నాలుగు మడతలేసి గంత కుట్టాడు. గుంట నీళ్ళు మాన్పించి బోరునీళ్ళు పట్టాడు.

మూడు వారాలకి ఎడమ కన్ను తేటపడింది. చెయ్యి ఆడిస్తే చిట్టి తల తిప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ కుడి కన్ను నా తొందరవల్లే పోయిందయ్యా. నిన్నన్న మాట కూడా తప్పే," అన్నాను.

"ఆరోజు చాలా బాధేసిందండి. మళ్ళీ మీ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. చిట్టి కోసం వచ్చాను."

అతను పంతానికి పోయుంటే రెండో కన్ను కూడా పోయేది. నోరులేని జీవం తరఫున చెప్పగలిగేది దాన్ని సాకేవాడొక్కడే. అతని నోరు మూయించి నేను చేసేది వైద్యం కాదని యాకోబు దగ్గరే నేర్చుకున్నాను.