కుళాయి పక్క గోడ మీది వంజరం

మా వంటింటి వెనక గోడ మీద, కుళాయికి ఎడమ పక్క, ఎర్ర పెయింటుతో రాసిన అంకె ఒకటి ఉండేది. 21.3. అది మా ఆయన పట్టిన వంజరం చేప బరువు, కిలోల్లో. పట్టింది 2014 డిసెంబరు 19, శుక్రవారం. ఆ తర్వాత ఇంటి యజమాని రెండుసార్లు రంగు వేయించాడు. రెండుసార్లూ మా ఆయన ఆ అంకె మీద అట్టముక్క ఒకటి అదిమి పట్టుకుని, పెయింటరు ఆ పక్క పని ముగించేదాకా కదల్లేదు. బాత్రూమ్‌లో సింకు ఉన్నా రోజూ పొద్దున ఆ కుళాయి దగ్గరే, ఆ అంకె చూస్తూ పళ్ళు తోముకునేవాడు.

మేము ఒమాన్‌లోని ఈ షినాస్ వచ్చింది 2009లో. నేను ఇక్కడి ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయనకి రేవు దగ్గర పడవ ఇంజిన్లు బాగుచేసే షాపు ఉంది. మాది కాకినాడ వైపు. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఆయన గాలం వెయ్యడం నేర్చుకున్నది మాత్రం ఇక్కడే, యాభై దాటాక. ఆలస్యంగా వచ్చిన ముచ్చట కాబట్టి గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం ఇక్కడ సెలవు. తెల్లవారుజామున నలుగురైదుగురు మగవాళ్ళు ఒక ఒమానీ పడవలో వేటకి వెళ్తారు. పడవ యజమాని మా ఆయన పాత ఖాతాదారు, మంచి స్నేహితుడు. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చి మా వరండాలో చేపలు తూస్తారు. పది గంటలకి మా హాల్లో ప్రార్థన. తూకం ప్రార్థనకి ముందే అయిపోవాలని పట్టుబట్టింది నేనే. లేకపోతే కళ్ళు మూసుకున్న ప్రతివాడూ చేప గురించే ఆలోచిస్తాడు.

తూకం కూడా నా చేతికే వచ్చింది. అక్కడా ఇక్కడా కలిపి ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు పుట్టిన బిడ్డలని తూచినదాన్ని కదా, నా మాట మీద ఎవరికీ అనుమానం లేదు. వార్డులో ఎలా చేశానో ఇక్కడా అలాగే. ముందు ఖాళీ కాటాని సున్నా దగ్గర చూడాలి. తర్వాత ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా తగిలించి సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలి. తర్వాతే చేప. అంకె ఇద్దరు చదవాలి, ఒకరు చదివింది ఇంకొకరికి వినపడకూడదు. రెండూ కలిస్తేనే అది బరువు. చేపని తోకకి కట్టి తలకిందులుగా వేలాడదీయాలన్న రూలు మాత్రం తర్వాత వచ్చింది. ఒకసారి ఒకాయన తెచ్చిన చేపని అలా వేలాడదీస్తే నోట్లోంచి నాలుగు సీసపు గుండ్లు టపటపా నేల మీద పడ్డాయి. ఆయన "ఇది ఎక్కడ తిందో ఏమో" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. కూరలో రాయి తగిలినా అదే అంటాం.

గోడ మీదికి ఎక్కేది అందరిలోకీ పెద్ద చేప బరువే. ఇంకో రూలు, పొట్ట కోసిన చేప గోడకెక్కదు. మా ప్రార్థనకి వచ్చే ఒంగోలు కుర్రాడు, ఆసుపత్రిలో మగ నర్సు, ఒకసారి పెద్ద వంజరాన్ని పడవలోనే శుభ్రం చేసి తెచ్చాడు. పేగులు సముద్రంలోకి పోయాయి. "ఓ కిలో కలుపుకోండి ఆంటీ" అన్నాడు. తూచనిది నేను కలపను అన్నాను. అప్పటినుంచి ఆ అబ్బాయి ఆ రూలుకి నాకంటే పెద్ద కాపలాదారు.

మగవాళ్ళలో ఒకడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ. నలభై ఏళ్ళుంటాయి. నన్ను సిస్టరమ్మ అంటాడు, మా ఆయన్ని బాపు అంటాడు. ప్రార్థనకి కూర్చోడు. ఆ సమయంలో వరండాలో చేపలు కోసి కడిగి పెడతాడు. భోజనానికి మాత్రం అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుంటాడు. మిగతావాళ్ళకి ఖరీదైన రాడ్లు, రీళ్ళు ఉంటే ఇతను ఖాళీ వాటర్ బాటిల్‌కి చుట్టిన దారంతో పట్టేవాడు. చిన్నప్పుడు చెరువులో అలా నేర్చుకున్నాడట. 

2023 ఏప్రిల్‌లో అతని కంపెనీ అతన్ని దూరాన దక్షిణంలో ఉన్న సలాలా సైట్‌కి మార్చింది. షినాస్‌లో ఆఖరి శుక్రవారం ఏప్రిల్ 28. ఆ ముందు వారమే గోడ దగ్గర నిలబడి అన్నాడు: 

"బాపూ, పోయే ముంగట నీ లెక్క దాటుత జూడు."

"ఆ బాటిల్‌తోనా? నీళ్ళు తాగడానికి ఉంచుకో దాన్ని," అన్నాడు మా ఆయన. నవ్వాడు గానీ ఆ రాత్రి తన రీలుకి కొత్త నూనె వేసుకున్నాడు.

ఆ శుక్రవారం తొమ్మిది కావస్తున్నా పడవ రాలేదు. వచ్చాక, ముందు ఒంగోలు అబ్బాయి పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గరే అరిచాడు. "ఆంటీ, పడింది! కాటా తియ్యండి!" వెనకాల మేస్త్రీ, మా ఆయన చెరో పక్క పట్టుకుని వంజరాన్ని మోసుకొచ్చారు. మేస్త్రీ అరచేతులు రెండూ దారం కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. చేపని వరండాలో దించగానే నాకు కనపడింది. పొట్ట చీరి ఉంది. లోపల ఖాళీ.

"ఇదేంటి?" అన్నాను.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ మామూలుగా చెప్పాడు. "జన తీసిచ్చిన సిస్టరమ్మా. రేవుల పడవాయన తల్లి కూసున్నది. మా దిక్కు పెద్ద చాప పడితే జన ఇంట్ల పెద్దమ్మకు ఇయ్యాలె. ఇయ్యకుంటే మల్ల చాప పడదు."

జన అంటే చేప కడుపులోని గుడ్ల సంచి. రేవులో దిగీ దిగగానే కత్తి పెట్టి చీరి, దాన్ని తీసి ఆ ముసలమ్మ చేతిలో పెట్టాడు. పేగులు అక్కడే పక్షులకి వేశాడు. 

"మరి తూకం?"

అతను తుడుచుకుంటున్న చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో... తూకం ముచ్చట యాదికే రాలే."

కాటా సున్నా చూశాను. నీళ్ళ డబ్బా తగిలించి చూశాను. చేపని తగిలించాను. నేను చదివింది 20.6. ఒంగోలు అబ్బాయి వేరుగా చదివింది 20.6.

"ఏడువందలు తక్కువ," అన్నాడు ఆ అబ్బాయి. "పైగా కోసిన చేప. అస్సలు లెక్కలోకే రాదు."

"అరె భాయ్, జన లోపలుంటే ఎంతుంటుండె? నువ్వే చెప్పు."

"నా చేపకి ఆంటీ పేగులు కలిపారా? కలపలేదు. మరి నీకెందుకు కలపాలి?"

"పేగులు వేరే, జన వేరే. అది చాప పిల్లలు గాదా!"

"అంటే పిల్లల్ని కూడా తూస్తావా? ఇది చేపల పోటీయా, సంసారాల పోటీయా?"

ఇక్కడ నేను కలగజేసుకోవలసి వచ్చింది. కాన్పుకి వచ్చిన మనిషిని కాటా ఎక్కిస్తే బిడ్డతో కలిపే తూస్తాం, బిడ్డని ఇంట్లో పెట్టి రమ్మనం అన్నాను. జన చేపలో భాగమే. కానీ ఆ జన నా ముందు లేదు. లేనిదాన్ని నేను తూచలేను. మేస్త్రీ ముఖం వాడిపోయింది. "రూలు రూలే సిస్టరమ్మా," అని చేపని ముక్కలు కొయ్యడానికి పీట వేసుకున్నాడు.

అప్పుడు మా ఆయన ముఖం చూశాను. సంతోషంగా ఉంది, కాదనను. గోడ దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, కడగక్కర్లేని చేతులు కడుక్కున్నాడు.

ప్రార్థన పది దాటాక మొదలైంది. ఆ వారం ముగింపు ప్రార్థన మా ఆయన వంతు. వర్షాల కోసం, రోగుల కోసం బాగానే చేశాడు. "ప్రయాణం చేసేవారి కోసం" అనేసరికి ఆగిపోయాడు. బయటినుంచి చేప ముక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి "ఆమెన్" అనేశాడు. అందరూ కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు.

భోజనాలకి కూర్చున్నాం. మేస్త్రీ ఆ రోజు అందరికంటే చివర పళ్ళెం తీసుకున్నాడు. మా ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"ఇప్పుడే వస్తా," అని ఇస్త్రీ చొక్కాతోనే బండి తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

వచ్చేటప్పుడు చేతిలో పళ్ళెం మూతపెట్టిన స్టీలు గిన్నె ఉంది. వెనకాల పడవ యజమాని. జన ఇంకా వండలేదట, ఫ్రిజ్‌లో పెట్టిందట ఆయన తల్లి. మా ఆయన అడిగితే మొదట ఇవ్వనందట, ఇచ్చింది వెనక్కి అడుగుతారా అని. తూచి అరగంటలో తిరిగి పంపుతామని కొడుకు పూచీ పడ్డాక ఇచ్చింది. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోనందట. అందుకే కొడుకు కూడా వచ్చాడు. గిన్నె మీదినుంచి చూపు తిప్పడం లేదు. 

"నువ్వెందుకు పోయినవ్ బాపూ?" అన్నాడు మేస్త్రీ. అన్నం చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"ఎందుకేంటి? రేపట్నుంచి ఆ అంకె చూస్తూ నేను పళ్ళు తోముకోవద్దూ?" అన్నాడు మా ఆయన విసుగ్గా. "ఎంతుందో తెలియాలి. తక్కువైతే తక్కువ."

వంటింటి కాటా బల్ల మీద పెట్టాను. పెద్ద కాటా, ఇదీ ఒకే మాట చెబుతున్నాయా అని ఒంగోలు అబ్బాయి అడిగాడు. సరైన ప్రశ్నే. విప్పని కిలో పంచదార ప్యాకెట్టు రెండిట్లోనూ పెట్టి చూపించాను. తర్వాత ఖాళీ గిన్నె బరువు తీసేసి జన తూచాను. ఎనిమిది వందల యాభై గ్రాములు. ఇద్దరం చదివాం. 

20.6, దానికి 0.85. నేను పైకి చెప్పకముందే అందరూ మనసులో కూడేసుకున్నారు. పేగులు పక్షులు తినేశాయి గానీ అవి కలిస్తే పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇరవై ఒకటిన్నరకి యాభై గ్రాములు తక్కువ. ఒంగోలు అబ్బాయి వైపు చూశాను. తూచనిదేదీ నేను కలపలేదు, నీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు అన్నాను. 

కాసేపు బుర్ర గోక్కున్నాడు. "నా పేగులు కూడా ఎవరైనా పట్టుకొచ్చి ఉంటే బాగుండేది," అన్నాడు. నవ్వులు ఆగేసరికి గిన్నె, పడవ యజమాని ఇద్దరూ వెళ్ళిపోయారు. 

పెయింటు డబ్బా మా ఆయనే తెచ్చాడు. 21.45 అని రాయబోతుంటే నేను ఆపాను. పెద్ద కాటా వంద గ్రాముల గీతలదే, చివరి యాభై నమ్మలేం అన్నాను. "నీతో వేగలేం," అంటూనే 21.4 అని రాశాడు. పాత అంకె కొట్టెయ్యబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. 

"ఉండనియ్యి బాపూ. నా లెక్క కింద నీది లేకుంటే, నేను ఎవన్ని దాటిన్నో తెలుస్తదా?"

"ఓరి నీ!" అన్నాడు మా ఆయన. వంద గ్రాములకే ఇంత గొప్పలా అని ఆ సాయంత్రం వరకూ అతన్ని దెబ్బలాడుతూనే ఉన్నాడు. ఆ రోజు వంజరం పులుసులోకి అందరూ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మా ఆయన మూడోసారి.

ఇప్పుడు మేస్త్రీ సలాలాలో ఉన్నాడు. శుక్రవారం తొమ్మిది గంటలకి ఫోను చేస్తాడు. నా ఆరోగ్యం గురించి ఒక మాట అడిగి, రెండో మాట అదే. "సిస్టరమ్మా, గోడ మీద ఏమన్న మారిందా?"

మారలేదు అంటాను. ఈ మధ్య మా ఆయన ఇంకా మందమైన దారం కొన్నాడు, ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి కడిగి ఆరబెట్టి దాచుకున్నాడు. ఆ సంగతి ఫోనులో చెప్పొద్దని నాకు సైగలు చేస్తాడు. చెప్పను. తూచాక చెబుతాను.