లింబాద్రికి గుక్కెడు కల్లంటే భయం

మోస్రా లింబాద్రి నోరు తెరిస్తే అడవిలో మృగమన్నది మిగలదు. చెరకు తోటలో ఎదురైన ఎలుగుబంటి తన మీసం చూసి దారిచ్చిందని చెబుతాడు. అప్పటికి ఆ మీసం ఇంకా మొలవనే లేదని ఊరందరికీ తెలుసు. అంతటి మొనగాడు ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక పరిశోధనశాలలో తెల్ల ఎలుకలకు మేత వేస్తాడు. వాటి ముందు మాత్రం కోతలు కోయడు. భయపడతాడు.

ఒక్కో పంజరానికి రెండు సీసాలు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో స్పిరిట్ కలిపిన నీళ్లు. ఒక వరుసలో ఉన్నవన్నీ తరతరాలుగా స్పిరిట్‌కు మరిగిన ఎలుకల సంతతి. వాటి పిల్లలు చుక్క ఎరగకుండానే పెరిగి, మొదటిసారే ఆ సీసాకు పోతాయి. అది చూసిన రోజు లింబాద్రికి అన్నం సయించలేదు. తండ్రి దేవన్నను కల్లే మింగింది. కల్లు దొరకని పూట ఆయన గోడ మీద లేని తేళ్లను చూపించేవాడు.

"మేడం, తండ్రిది కొడుక్కు వస్తదా?" అని అక్కడ పరిశోధన చేసే అఖిల మేడంను అడిగాడు.

"రావాలని లేదు లింబాద్రీ. ఒకే తల్లి పిల్లల్ల కొన్ని నీళ్లే తాగుతయి. ఎక్కువ బెదిరే ఎలుకలే ముందు స్పిరిట్‌కు పోతున్నయి. ఏ జీన్ల వల్లనో అదే వెతుకుతున్నం."

బెదిరేవే ముందు పోతాయన్న ఆ మాట పట్టుకుని లింబాద్రి కల్లు జోలికి పోలేదు. ఇంతలో తండ్రి సంవత్సరీకం వచ్చింది. సమాధి దగ్గర పోయినవాళ్ల పేర నేల మీద కల్లు సాక పోసి, మిగిలిన దాంట్లో పెద్దకొడుకు ఒక గుక్క తాగాలి. అది ఆ ఇంటి రివాజు.

చిన్నాన్న బాలన్న చిన్న మట్టి గురిగి నింపి ఇచ్చాడు. "ఎలుగుబంటినే ఎల్లగొట్టినోనివి. గుక్కెడు కల్లు నిన్ను మింగుతదారా?"

"మింగుతదేమో చిన్నబాపు. నేను సూసిన."

"ఏడ సూసినవ్?"

"ఎలుకలల్ల."

అందరూ నవ్వారు. లింబాద్రి సాక పోసి, గురిగిని పెదవుల దాకా తెచ్చాడు. పులిసిన వాసన తగలగానే నోట్లో నీళ్లూరాయి. చేయి వణికి కల్లు మణికట్టు మీదికి కారింది.

తల్లి భీమవ్వ ఆ చేతినే చూస్తోంది. "మీ బాపు చెయ్యి గూడ గిట్లనే వణికేది."

"తాగి తాగి గదా అవ్వా."

"కాదు కొడుకా. తాగక ముందే. పెండ్లినాడు పుస్తె కట్టబోతే వణికింది. ధైర్యమొస్తదని ఎవలో గింత తాపిండ్రు."

భీమవ్వ గురిగి గుంజుకుని మట్టిలో బోర్లించింది. "అంతా ఆయనకే. నువ్వు నీళ్లు తాగు."

లింబాద్రి చెంబు ఎత్తాడు. ఉన్నవి నీళ్లే. అయినా చెంబు అంచు పళ్లకు టకటకా కొట్టుకుంటూనే ఉంది.