తెరల మేస్త్రి విప్పిన కుట్టు

తెరల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. చదివింది ఐదో తరగతి. కుట్టింది మాత్రం పెద్ద పెద్ద నాటకశాలల తెరలు, జడ్జీల కోట్లు, ఒక సర్కస్ డేరా. ఆయన కుట్టిన తెర మధ్యలో చిరిగిందన్న మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. కోడలు ఫోన్‌లో క్రిప్టో వాలెట్ పెట్టిచ్చాక విదేశీ నాటక బృందాలు కూడా ఆయనకు డిజిటల్ నాణేల్లో కూలి పంపసాగాయి. అంతటి మనిషిని సొంత బావమరిది బోల్తా కొట్టించాడేమోనన్న అనుమానం ఆయన్ని తినేస్తోంది.

"ఈ సైట్‌లో పెడితే నాణేలు పిల్లలు పెడతాయి బావా" అంటూ తెచ్చింది వాడే. వాలెట్‌లోంచి నాణేలు తీసుకోవడానికి సైటు అనుమతి అడిగింది. ఎంతవరకు తీసుకోవచ్చన్న చోట 'హద్దు లేదు' అని ఉంది. మేస్త్రి చదవకుండానే నొక్కేశాడు. తెల్లారేసరికి వాలెట్ ఊడ్చేసినట్టుంది.

"నేనూ మునిగాను బావా!" అని వాడు కళ్లొత్తుకున్నాడు.

మేస్త్రి ఆ సైటుతో లింకు తెగేలా డిస్‌కనెక్ట్ నొక్కి, పీడ విరగడైందనుకున్నాడు. కోడలు నెత్తి కొట్టుకుంది.

"మామయ్యా, మీరు దారం తెంపారంతే. మీరిచ్చిన అనుమతి కుట్టు అలాగే ఉంది. కొత్త తెర డబ్బు పడగానే అదీ లాగేస్తారు."

కుట్టు విప్పడం తనకొకరు చెప్పాల్సి వచ్చిందే! మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. అక్కడికక్కడే పాత అనుమతులు తెరిపించి, కాస్త ఫీజు కట్టి, ఆ సైటుకిచ్చినదాన్ని రద్దు చేశాడు. రద్దయిందని తేలేదాకా ఫోన్ కింద పెట్టలేదు.

క్రిప్టో లెక్కలన్నీ బహిరంగమే కాబట్టి, నాణేలు మింగిన ఖాతా అందరికీ కనబడేదే. ఎవరిదన్నదే తెలియదు.

"అది వాడిదైతే మాత్రం వదలను" అన్నాడు మేస్త్రి. వాడికి కబురు పెట్టాడు.

బావమరిది వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఏంటి బావా, ఇవాళ టీ కూడా ఇప్పిస్తున్నావు?"

"తెర డబ్బు వస్తోందిరా. అదిగో, పడింది!"

వాడు పక్కకు తిరిగి, ఒళ్లో ఫోన్ దాచుకుని గబగబా ఏదో నొక్కాడు. మిషన్ వెనక కోడలు ఆ దొంగ ఖాతానే చూస్తోంది. తల ఊపింది. వాడు మళ్లీ నొక్కాడు. మళ్లీ ఊపింది. మేస్త్రి మిషన్ ఆపకుండానే అన్నాడు:

"నొక్కరా, నొక్కు. కుట్టు విప్పేశాను. రావడానికేమీ లేదు, నీ ఫీజు పోవడం తప్ప."

వాడు ఫోన్ గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడు. "గేమ్ ఆడుతున్నా బావా..."

కోడలు తన ఫోన్ వాడి ముందు పెట్టింది. నాణేలు మింగిన ఆ ఖాతా నుంచే, వాడు నొక్కినప్పుడల్లా ఒక విఫలయత్నం.

"అక్కకి చెప్పకు బావా, నీ కాళ్లు పట్టుకుంటా."

"లోపల కాజాలు కుడుతున్నది మీ అక్కేరా. అన్నీ వింది."

లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది. "ముందు తీసింది తీసినట్టు పంపు. అప్పుడు నా మొహం చూద్దువుగాని."

చెమటలు కక్కుతూ వాడు చివరి నాణెం దాకా తిరిగి పంపాడు. అన్నీ చేరాయని కోడలు చెప్పగానే వాడు లేవబోయాడు. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు పోలీసులకి ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు కోడలితో.